సముద్రపుటొడ్డు ఊరి ఉమ్మడి సొత్తు

(తీరప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి చెరువు ఎవ్వరిదని మన పల్లెలలో ప్రశ్నించినచో పసిబిడ్డ సైతము ‘అది ఊరిది’ అని బదులు చెప్పును. మందబయలు, కళ్లములు, శ్మశానము, బండ్లబాట, తోపు - ఇవన్నియు ఊరివేయని అందరికిని తెలియును. వానిలో ఎవ్వరైనను గట్టు వేసినచో తగవు పుట్టును, పెద్దలు కూడుదురు, గట్టు తీయించుదురు. కాని సముద్రపుటొడ్డు ఎవ్వరిదని అడిగినపుడు మాత్రము మనము తడబడుదుము. కొందరు ‘సర్కారుది’ అందురు. కొందరు ‘అది ఎవ్వరిదియు కాదు’ అందురు. ఈ రెండవ మాట మిక్కిలి ప్రమాదకరమైనది. ఎవ్వరిదియు కాదనుకొన్న భూమికి, మొదట కంచె నాటినవాడే యజమాని యగును.

ఆ ఒడ్డును కంచెలు పడనీయక, గ్రామమునకును ప్రజలందరికిని చెందిన తీరవనముగా ఎట్లు నిలుపుకొనవచ్చునో, ఆ విషయమున ఇతరులు ఏమి చేసిరో, మన చట్టములు ఏమి చెప్పుచున్నవో, పంచాయతీ చేయగల పని యేదో మీ ముందుంచుటకు ప్రయత్నించెదను.

ఇసుకదిబ్బ చేయు మేలు

మన ఆంధ్రతీరము 974 కిలోమీటర్ల పొడవు గలదని చిరకాలముగా పాఠ్యపుస్తకములలో చదువుకొనుచున్నాము. ఇటీవల మరింత సూక్ష్మముగా కొలిచినపుడు అది వేయి కిలోమీటర్లకు మించినట్లు లెక్క తేలినది. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు ఈ పొడవునను వందలకొలది పల్లెలు సముద్రమును నమ్ముకొని బ్రతుకుచున్నవి.

చూచువారికి ఇసుకదిబ్బ పనికిరాని బీడుగా కనబడును. నిజమునకు అది ఊరికి కోటగోడ వంటిది. తుపాను వచ్చినపుడు అలలు ఒడ్డునందలి ఇసుకను కోసికొని పోవును. వెనుకనున్న దిబ్బ ఆ సమయమున తన ఇసుకను ఒడ్డునకు ఇచ్చి, అలల వేగమును తాను భరించును. సముద్రము శాంతించిన పిదప అలలు మరల ఇసుకను తెచ్చి ఒడ్డున పోయును. గాలి దానిని లోపలికి తోలును. తీగలును గడ్డియు దానిని పట్టి నిలుపును. ఇట్లు దిబ్బ మరల పెరుగును. ఈ ఇచ్చిపుచ్చుకొనుట సాగవలెనన్నచో దిబ్బకును సముద్రమునకును నడుమ గోడ యుండరాదు. దిబ్బను చదును చేసి కట్టడము కట్టినచో, ఆ కట్టడమును కాపాడుటకు రాళ్లు పోయవలసి వచ్చును. రాళ్లకు తగిలిన అల ప్రక్కనున్న ఒడ్డును మరింత కోయును. ఒకని కట్టడము పొరుగువారి ఒడ్డునకు చేటు తెచ్చుట ఇట్లు జరుగును.

దిబ్బ చేయు మరియొక మేలును మన తల్లులు ఎరుగుదురు. ఉప్పు సముద్రమునకు కూతవేటు దూరమున చెలమ త్రవ్వినచో తీయని నీరు ఊరుచుండును. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పు నీటికంటె తేలికైనది గనుక దానిపై తేలియాడుచు నిలుచును. దిబ్బను త్రవ్వి ఇసుకను బండ్లకెత్తి అమ్మినచో, లేక దాని ప్రక్కనే లోతైన బోరు వేసి నీటిని విరివిగా తోడినచో, ఆ తీయని పొర తరిగి ఉప్పు నీరు పైకి వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన చెలమ మరల తీపెక్కుటకు ఏండ్లు పట్టును.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను ఇచటి పెద్దలు మరువలేదు. ఆనాడు సుమారు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. అటుపిమ్మట తీరమున సరుగుడు తోటల వరుసలు పెంచుట, తుపాను రక్షణ గృహములు కట్టుట పెద్ద ఎత్తున సాగినవి. ఒడ్డున చెట్టు లేకున్న ఊరికి రక్షణ యుండదని మనము గొప్ప మూల్యము చెల్లించి నేర్చుకొన్నాము. ఆ పాఠమును తరువాతి తరము ఉచితముగా పొందవలెను. మరల మూల్యము చెల్లించరాదు.

ఓరెగాన్ ప్రజలు తమ ఒడ్డును నిలుపుకొన్న విధము

ఈ విషయమున మనము తప్పక తెలిసికొనదగిన చరిత్ర యొకటి కలదు. అది అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమునకు చెందినది. ఆ రాష్ట్రము పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్నది. దాని తీరము సుమారు 360 మైళ్లు. అంత దూరదేశపు కథ మనకేల అని అనవచ్చును. అచటి వారికి వచ్చిన చిక్కు నేడు మన పల్లెలకు వచ్చుచున్న చిక్కే గనుక చెప్పుచున్నాను.

పూర్వము ఆ తీరమున సరియైన రోడ్లు లేవు. కొండలు సముద్రము వరకు వచ్చియుండుటచే ఒక ఊరినుండి మరియొక ఊరికి బండ్లు, తపాలా బగ్గీలు పలు చోట్ల ఆటుపోట్ల నడుమ గట్టిపడిన ఇసుకపైననే నడిచెడివి. ఒడ్డే వారికి రహదారి. 1911 మొదలు 1915 వరకు అచట గవర్నరుగా నుండిన ఓస్వాల్డ్ వెస్ట్ అను నాతడు ఈ సంగతిని గమనించెను. అప్పటికే ప్రభుత్వము కొంత తీరభూమిని ప్రైవేటువారికి అమ్మియుండెను. ఆ అమ్మకము అట్లే సాగినచో కొలది కాలములో ప్రజలకు ఒడ్డు మిగులదని ఆతడు తలచెను. 1913లో ఆతడు శాసనసభచే ఒక చిన్న చట్టమును చేయించెను. ఉత్తరమున కొలంబియా నది మొదలు దక్షిణమున కాలిఫోర్నియా సరిహద్దు వరకు, పోటు గీతకును ఆటు గీతకును నడుమనున్న ఒడ్డు అంతయు ప్రజల రహదారియని ఆ చట్టము ప్రకటించెను. ‘ఒడ్డును కాపాడుడు’ అని అడిగియుండినచో ఎందరో అడ్డు చెప్పియుందురు. ‘రహదారి’ అన్నపుడు ఎవ్వరును కాదనలేకపోయిరి. చిన్న మాటతో పెద్ద పని సాధింపబడినది.

కాని ఆ చట్టమున ఒక కొరత నిలిచిపోయినది. అది తడి ఇసుకకు మాత్రమే వర్తించెను. పోటు గీతకు పైన, గడ్డియు పొదలును మొదలగు చోటు వరకు ఉన్న పొడి ఇసుక పలు తావుల ప్రైవేటు పట్టాలలో నుండెను. అయినను ప్రజలు దానిని అడ్డులేక వాడుకొనుచునే యుండిరి. పిల్లలు ఆడుకొనిరి, కుటుంబములు వంటలు చేసికొనిరి, కొట్టుకొని వచ్చిన కట్టెలు ఏరుకొనిరి. సుమారు ఏబది సంవత్సరములు ఎవ్వరును ఆ కొరతను గమనింపనేలేదు.

1966లో కానన్ బీచ్ అను ఊరిలో ఒక వసతిగృహపు యజమాని తన గృహము ముందరి పొడి ఇసుకకు అడ్డు కట్టి, తన అతిథులు మాత్రమే అచట కూర్చుండవలెననెను. అప్పుడు గాని ప్రజలకు తమ హక్కు ఎంత పలుచని పునాదిపై నిలిచియున్నదో తెలియలేదు. 1967లో పొడి ఇసుకపైని ప్రజల హక్కును గుర్తించు బిల్లు శాసనసభకు వచ్చెను. కొంతకాలము అది సంఘములో చిక్కుకొని కదలలేదు. పత్రికలు వ్రాసినవి, ప్రజలు ఉత్తరములు వేలకొలది పంపిరి. గవర్నరు టామ్ మెక్కాల్ మే నెలలో హెలికాప్టరుపై సర్వేయర్లతో తీరమునకు పోయి, ఎచట గీత గీయవలెనో ఇసుకపైననే కొలిపించి చూపెను. తుదకు 1967 జూలై 6వ తేదీన ఆ బిల్లుపై ఆతడు సంతకము చేసెను. ఆ చట్టముచే పట్టా కలవాని పట్టా పోలేదు. అతడు భూమికి యజమానియే. కాని పచ్చిక మొదలగు గీతకు సముద్రము వైపున అనుమతి లేక కంచె వేయుటకుగాని, కట్టడము కట్టుటకుగాని అతనికి వీలులేదు.

ఈ తగవు న్యాయస్థానమునకు పోయెను. 1969లో ఓరెగాన్ సర్వోన్నత న్యాయస్థానము ప్రజల పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు ఆధారమైనది ఏ కాగితమో కాదు, ఆచారము. చిరకాలము నుండి, ఎడతెగక, తగవు లేక, న్యాయమైన రీతిని, స్పష్టమైన హద్దులతో ప్రజలు ఒక భూమిని వాడుచు వచ్చినచో, ఆ వాడుకయే హక్కుగా పరిణమించునను పాత ఆంగ్ల న్యాయసూత్రమును ఆ న్యాయస్థానము గ్రహించెను. తెల్లవారు రాకమునుపు ఆ తీరమున నివసించిన ఆదిమజాతులవారి వాడుకను సైతము లెక్కకు తీసికొనెను.

పంచాయతీ సభ్యులారా! ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. అచటి చట్టము మన చట్టము కాదు. కాని ఆ తర్కము మనకును బోధపడునట్టిదే. మన ఒడ్డున వలలు ఆరవేయుట, పడవలు లాగి నిలుపుట, చేపలు ఎండబెట్టుట, కార్తీకమాసమున సముద్రస్నానము చేయుట, గంగమ్మతల్లికి జాతర చేయుట, పెద్దల అస్థికలు కలుపుట - ఇవన్నియు చిరకాలపు వాడుకలు. వానిని ఎవ్వరును ఎచ్చటను వ్రాసియుంచలేదు. వ్రాయని వాడుక నిజమే యైనను, తగవు వచ్చిన నాడు దానిని నిరూపించుట కష్టము.

చట్టము ఒక్కటే చాలదు

ఓరెగాన్ ప్రజలు చట్టముతో తృప్తి పడలేదు. ఒడ్డు ప్రజలదైనను, ఒడ్డునకు పోవు దారి ప్రైవేటుదైనచో ఆ హక్కు చేతికందని ఫలమగును. సామ్యూల్ బోర్డ్‌మన్ అను అధికారి 1929 మొదలు 1950 వరకు ఆ రాష్ట్రపు ఉద్యానవనముల శాఖకు పెద్దగా నుండెను. ఆతని చేతిలో ధనము కొంచెమే. అయినను ఆతడు భూస్వాముల ఇండ్లకు పోయి, నచ్చజెప్పి, కొన్ని భూములను దానముగాను, కొన్నిటిని చౌకగాను సంపాదించెను. ఆతడు పనిలో చేరునాటికి సుమారు 4,000 ఎకరములున్న ఉద్యానవనములు, ఆతడు విరమించునాటికి 60,000 ఎకరములు దాటినవి. వానిలో చాల భాగము సముద్రతీరమున నున్నది.

ఇంగ్లండులో నేషనల్ ట్రస్టు అను ప్రజాసంస్థ 1965లో ‘నెప్ట్యూన్’ అను పేర ఒక ఉద్యమమును ప్రారంభించి, ప్రజల చందాలతో తీరభూములను కొనుటకు పూనుకొనెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1975లో తీరభూముల కొరకు ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ కొనిన భూమిని మరల అమ్ముట దాదాపు అసాధ్యము. ఆ భూముల నిర్వహణ చాలవరకు అచటి గ్రామ, పట్టణ పాలక సంఘములకే అప్పగింపబడుచున్నది. భూమి జాతిది, పాలన గ్రామముది, అనుభవము ప్రజలందరిది - ఈ విభజన మన పంచాయతీలకు ఎంతయు అనుకూలమైనది.

ఓరెగాన్ కథలో హెచ్చరిక కూడ ఒకటి కలదు. ఎగురుచున్న ఇసుకను ఆపుటకై అచట ఐరోపాదేశపు గడ్డి యొకదానిని దిబ్బలపై విస్తారముగా నాటిరి. ఆ గడ్డి ఇసుకను ఆపినమాట నిజమే. కాని అది అదుపు లేక వ్యాపించి, సహజముగా కదలవలసిన దిబ్బలను బిగించి, ఒడ్డున గ్రుడ్లు పెట్టు చిన్న పక్షులకును అచటి మొక్కలకును తావు లేకుండ చేసినది. ఇప్పుడు దానిని పెరికించుటకు వారు శ్రమపడుచున్నారు. మేలు చేయు తలంపుతో నాటినదైనను, చోటు తెలిసి నాటనిచో కీడగును.

మనకు గల చట్టములు

మన దేశమున సముద్రతీర రక్షణకు తొలి సమగ్ర ప్రకటన 1991 ఫిబ్రవరి 19వ తేదీన, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద వెలువడినది. పోటు గీత నుండి 500 మీటర్ల వరకు గల భూమిని తీర నియంత్రణ మండలముగా అది ప్రకటించినది. దాని స్థానమున 2011లో ఒకటియు, 2019లో మరియొకటియు వచ్చినవి. 2019 ప్రకటన ననుసరించి గ్రామీణ తీరము రెండు తరగతులు. 2011 జనగణన ప్రకారము చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించి జనసాంద్రత గల చోట్ల పోటు గీత నుండి 50 మీటర్లును, తక్కిన గ్రామములలో 200 మీటర్లును కట్టడములకు అనుమతి లేని మండలము. మడ అడవులు, ఇసుకదిబ్బలు, తాబేళ్లు గ్రుడ్లు పెట్టు తావులు అంతకంటె కఠినమైన రక్షణ పొందు తరగతిలో చేరును.

ఆ కట్టడములు లేని మండలములో సైతము సేద్యము, తోటలు, పచ్చిక బయళ్లు, ఉద్యానవనములు, ఆటస్థలములు, వనముల పెంపకము సాగింపవచ్చునని ఆ ప్రకటనలే చెప్పుచున్నవి. అనగా మనము కోరు తీరవనము చట్టమునకు ఎదురీత కాదు. చట్టము తెరచియుంచిన ద్వారమే. చిరకాలముగా అచట నివసించు మత్స్యకారుల ఇండ్ల మరమ్మతు, వారి వృత్తికి కావలసిన వసతులు మున్నగు వానికిని చట్టమున తావు కలదు.

రోమను ధర్మశాస్త్రము గాలిని, పారు నీటిని, సముద్రమును, దాని ఒడ్డును అందరికిని ఉమ్మడియని పదునాలుగు వందల ఏండ్లకు పూర్వమే వ్రాసినది. మన సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరులో కమలనాథ్ వ్యాజ్యమున ఈ సూత్రమునే గ్రహించి, ఇట్టి సహజ సంపదలకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేయని తీర్పు చెప్పినది. ధర్మకర్త దేవుని మాన్యమును తన ఇష్టానుసారము అమ్ముకొనరాదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. మరల 2011 జనవరి 28వ తేదీన జగపాల్ సింగ్ వ్యాజ్యమున, గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని ఆ న్యాయస్థానమే రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించినది.

ఇచట పంచాయతీ తన అధికారపు హద్దును తెలిసికొనవలెను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము, ప్రభుత్వము వేరొక పనికి కోరని మేతబయళ్లు, కళ్లములు, శ్మశానములు, మందబయళ్లు, బండ్లబాటలు, తోపులు పంచాయతీ అధీనమున నుండును. సముద్రపు పోరంబోకు ఆ జాబితాలో లేదు, అది ప్రభుత్వభూమి. కనుక దానిని కౌలుకిచ్చుటకు పంచాయతీకి అధికారము లేదు. కాని ఒడ్డును ఆనుకొనియున్న తోపు, బండ్లబాట, శ్మశానము పలు గ్రామములలో పంచాయతీ చేతిలోనివే. ఒడ్డునకు తలుపు పంచాయతీ చేతిలో నున్నదని దీని అర్థము. ఆ తలుపు మూయబడకుండ చూచుట మొదటి ధర్మము.

తీరవనము ఎవ్వరి కొరకు?

ఇక మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న. ఉద్యానవనమనగా పట్టణములలోవలె ఇనుప కటకటాలు, టిక్కెట్ల గది, ‘లోనికి రాకూడదు’ అను పలకలు గల తోట కొందరికి స్ఫురించును. అట్టి తోటను ఒడ్డున కట్టి, వల ఆరవేయు మత్స్యకారుని వెడలగొట్టినచో, వసతిగృహపు కంచెకును మన కంచెకును భేదమేమి? ఒడ్డును కాపాడుట యన్న పేర ఒడ్డుతో బ్రతుకు వారిని వెలివేసిన పని ఎన్నటికిని నిలువదు. పదిరోజులు వేట లేక పడవ ఒడ్డున నుండిన ఇంట పొయ్యి యెట్లు వెలుగునో ఎరుగని వారు ఆ ఒడ్డునకు హద్దులు గీయరాదు.

కావున తీరవనపు పటమును గీయునపుడు మొదట పడవల రేవును గుర్తింపవలెను. రెండవది వలలు, చేపలు ఆరవేయు తావు. మూడవది జాతర స్థలము, శ్మశానము, వానికి పోవు బాటలు. ఇవి పోగా మిగిలిన భూమిలో చెట్లు, ఆటస్థలము, పెద్దలు కూర్చుండు నీడ ఏర్పరుపవలెను. ఈ పనిలో మత్స్యకార సంఘముల పెద్దలును, ముఖ్యముగా చేపలు ఎండబెట్టి అమ్ముకొను స్త్రీలును తప్పక ఉండవలెను. ఎచట ఎండ బాగుగా తగులును, ఎచట ఇసుక శుభ్రముగా నుండునను సంగతి వారికంటె తెలిసినవారు లేరు.

మొక్కలు నాటుటలోను వివేకము కావలెను. పోటు గీతకు దగ్గరి ఇసుకను ప్రకృతికే విడువవలెను. అచట తనంతట తానే ప్రాకు ఊదాపూల తీగయు, రావణాసురుని మీసములని పిలుచు ముండ్లగడ్డియు ఇసుకను పట్టుటలో నేర్పరులు, వానిని పెరికివేయరాదు. ఆ వెనుక దిబ్బపై మొగలి. దాని వెనుక తాడి, పొన్న, జీడిమామిడి, సరుగుడు కలిపి నాటవచ్చును. సరుగుడు గాలికి మంచి అడ్డు. కాని దానిని అలల దాక దట్టముగా నాటినచో తాబేళ్లకు గ్రుడ్లు పెట్టు చోటు మిగులదు. శీతకాలపు చివర రాత్రులయందు సముద్రపు తాబేళ్లు మన ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు వెడలిన పిల్లలు వెలుతురున్న దిక్కునకు ప్రాకును. ఒడ్డున పెద్ద దీపములు వెలిగించినచో అవి సముద్రమునకు పోక ఊరివైపు వచ్చి చచ్చును. తీరవనమున దీపము తక్కువగా నుండుటయే శోభ.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: గ్రామపటమును, అడంగలును ఎదుట నుంచుకొని, సముద్రపు పోరంబోకు సర్వే నంబర్లను, ఒడ్డునకు పోవు బాటలను గుర్తించి, హద్దులు కొలిపింపుమని తహసీల్దారునకు వ్రాయవలెను. హద్దు రాయి లేని భూమికి రక్షణ మాటలలోనే యుండును.

రెండవది: వాడుకల చిట్టా. ఒడ్డున ఎవరెవరు, ఏయే చోటును, ఏయే నెలలలో, ఎంతకాలము నుండి, దేనికి వాడుకొనుచున్నారో వృద్ధులను విచారించి వ్రాయింపవలెను. దానిని గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానముగా పుస్తకమున కెక్కింపవలెను. దీనికి ఖర్చు ఒక కలము, ఒక పుస్తకము మాత్రమే.

మూడవది: తమ గ్రామము తీర నియంత్రణ మండలమున ఏ తరగతిలో చేరినదో, అమలులోనున్న తీరపటము ఏదియో కలెక్టరు కార్యాలయమున విచారింపవలెను. కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ యుండవలెననియు, దానిలో మత్స్యకారులతో కూడిన స్థానిక తీరవాసుల ప్రతినిధులు ముగ్గురికి తక్కువ కాకుండ ఉండవలెననియు నియమము కలదు. ఆ ప్రతినిధులెవ్వరో తెలిసికొని, మన మాటను వారి ద్వారా చేర్పవలెను.

నాలుగవది: ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషను నిషేధింపబడిన ప్రభుత్వభూముల జాబితాలో చేరియున్నవో లేవో పరిశీలింపవలెను. చేరనిచో చేర్పింపుమని కోరవలెను. అమ్మకము జరిగిన పిదప పోరాడుటకంటె, అమ్మకము జరుగకుండ చూచుట సులభము.

ఐదవది: అటవీ, మత్స్య శాఖల సలహాతో, ఉపాధి హామీ మున్నగు పథకముల సహాయముతో తీరవనమును పెంచవలెను. నాటిన మొక్కలకు మూడేండ్లు కాపలా ముఖ్యము. బడిపిల్లలకు వరుసలు పంచియిచ్చినచో అంతకు మించిన కాపలా లేదు.

రెండు ఆక్షేపణలు

‘వసతిగృహము వచ్చినచో పదిమందికి పని దొరకును, పంచాయతీకి పన్ను వచ్చును, చెట్లు పెంచినచో ఏమి వచ్చును?’ అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న అడుగదగినదే. వసతిగృహము వలదని ఎవ్వరును అనుట లేదు. అది చట్టము విధించిన దూరమున, తన భూమిలో నుండవచ్చును. అతిథులు వచ్చునది గోడలను చూచుటకు కాదు, ఒడ్డును చూచుటకు. ఒడ్డు చెడినచో వారు రారు. ఒడ్డు తెరచియున్నచో ఒక వసతిగృహమే కాక, టీ కొట్టు, చేపల అంగడి, పడవ నడుపువాడు - అందరును బ్రతుకుదురు. చెట్ల విలువ పంచాయతీ జమాఖర్చుల పుస్తకమున కనబడకపోవచ్చును. తుపాను రాత్రి తెల్లవారిన తరువాత లెక్కించిన ఇండ్ల సంఖ్యలో అది కనబడును.

‘మాకు ఒడ్డున జిరాయితీ భూమి కలదు, అది పోవునా?’ అని మరికొందరి భయము. ప్రభుత్వభూమిని తీరవనము చేయుటకు పట్టాదారుని భూమి తీసికొననక్కరలేదు. తీర నియంత్రణలో నున్న పట్టా పట్టాయే. అందు సేద్యము చేసికొనవచ్చును, తోట వేసికొనవచ్చును. అట్టి రైతులను మొదటి సమావేశమునకే పిలిచి, హద్దులు వారి ఎదుటనే చూపినచో సగము తగవులు పుట్టకయే పోవును.

మన సొంత ఉదాహరణలు

మన రాష్ట్రమున ఈ మార్గము క్రొత్తది కాదు. గోదావరి ముఖద్వారమున మడ అడవులను 1978లో కోరింగ అభయారణ్యముగా ప్రకటించిరి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరింగ రేవు 1839 నాటి తుపానుతో నాశనమైనది. ఆ తీరముననే నేడు మడచెట్లు సముద్రపు ఊపును అణచుచు, చేపపిల్లలకును రొయ్యపిల్లలకును పురుటిల్లుగా నున్నవి. మడ అడవి తరిగిన చోట వల తేలికగా వచ్చునని ఆ ప్రాంతపు వేటగాండ్రు ఎరుగుదురు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రతీరమున నున్న ఎఱ్ఱమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. వేల సంవత్సరముల గాలియు వానయు మలచిన ఆ దిబ్బలను ఒక యంత్రము ఒక వారములో చదును చేయగలదు. వానిని మరల నిర్మింపగల యంత్రము లేదు.

సోదరులారా! పెద్ద చట్టములను ఢిల్లీలోను రాజధానిలోను చేయుదురు. కాని రాత్రివేళ ట్రాక్టరు వచ్చి దిబ్బను త్రవ్వునపుడు, బాటకు అడ్డముగా రాతిస్తంభములు పాతునపుడు మొదట చూచువారు మీరు. మొదట తెలిసినవాడు మొదట పలుకవలెను. ఓరెగాన్ తీరమున ఒక్క అడ్డుకట్ట ఒక రాష్ట్రమును మేలుకొలిపినది. మన ఊరిలో అడ్డుకట్ట పడకముందే మేలుకొనుట మరింత మేలు. మీరు మీ గ్రామములకు తిరిగి పోయి, రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ‘సముద్రపుటొడ్డు హద్దులు, వాడుకలు’ అను విషయమును చేర్పుడు. వృద్ధులను పిలువుడు, స్త్రీలను పిలువుడు, చిట్టా వ్రాయింపుడు. ఆ తీర్మానపు నకలును తహసీల్దారునకు పంపి, రసీదును పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు.